కల్తీ చేసినోడు దొరకడు, ఊపిరి పోయేది మనది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చదువు కోసం కొండ దిగి పట్నంలో హాస్టల్లోనో అద్దె రూములోనో ఉంటున్న మీతోనే ఈ మాట. "పొగ రాదు, వాసన రాదు, ఒక్కసారి లాగి చూడు" అంటూ ఎవడో పెన్ను లాంటిది చేతిలో పెడతాడు. దాన్నే వేప్ అంటారు. లోపల ఉన్నది గంజాయి నూనె అంటాడు. "మన కొండల్లో పెరిగే మొక్కే కదా, ఏమవుద్ది?" అనిపిస్తుంది. కాస్త ఆగండి. అందులో ఉన్నది మొక్క ఒక్కటే కాదు.

2019 వేసవిలో అమెరికాలోని విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం, వాంతులతో కుర్రాళ్లు ఆసుపత్రులకు రావడం మొదలైంది. చూస్తే న్యుమోనియాలా ఉంది, కానీ కాదు. 2020 ఫిబ్రవరి నాటికి ఆ దేశంలో 2,807 కేసులు తేలాయి. 68 మంది చనిపోయారు. బాధితుల్లో సగం మంది 24 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లే. ఎక్కువమంది పీల్చింది స్నేహితుల దగ్గరో, వీధి అమ్మకందార్ల దగ్గరో కొన్న గంజాయి నూనె.

అసలు మోసం ఎక్కడుంది? పాలల్లో నీళ్లు పోసినోడు పలచదనం తెలియకుండా పిండి కలుపుతాడు చూశారా, అదే లెక్క. ఖరీదైన నూనెను పలచన చేసి, చిక్కగా కనిపించాలని విటమిన్ ఈ అసిటేట్ కలిపారు. ఇది చర్మానికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది. రాసుకున్నా, మింగినా మామూలుగా హాని లేదు. వేడిచేసి ఊపిరితిత్తుల్లోకి లాగితేనే ప్రమాదం. 51 మంది రోగుల ఊపిరితిత్తుల ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో ఇది దొరికింది. ఆరోగ్యంగా ఉన్న 99 మందిలో ఒక్కరిలోనూ లేదు. గాలిగదులు మూసుకుపోకుండా కాపాడే సన్నని పొరను ఇది పాడుచేస్తుందని, వేడికి కీటీన్ అనే విషవాయువు పుట్టొచ్చని శాస్త్రవేత్తల అంచనా.

అక్కడ 'డ్యాంక్ వేప్స్' పేరుతో ఖాళీ పెట్టెలు ఎవరైనా కొనుక్కోవచ్చు. లోపల ఏం నింపితే అదే సరుకు! మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్లను చట్టం నిషేధించింది. అంటే ఇక్కడ చేతికొచ్చే ప్రతి వేపూ దొంగ సరుకే. పరీక్షించినోడు లేడు, జవాబు చెప్పేవాడు అసలే లేడు.

ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. మన్యంలో గంజాయికి పెట్టుబడి పెట్టేది బయటోడు, మూట మోసి జైలుకెళ్లేది మన పిల్లోడు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష, బెయిలు దొరకడం గగనం. మోసినప్పుడు జీవితం మనదే పోయింది. పీల్చినప్పుడు ఊపిరీ మనదే పోవాలా?

మీకు నీతులు చెప్పడానికి రాలేదు. ఇప్పటికే లాగుతున్నవాళ్లుంటే ఈరోజే ఆపండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే రూములో పడుకోవద్దు, ఆసుపత్రికి పోండి. వేప్ పీల్చానని డాక్టరుకి దాచకుండా చెప్పండి. ఆ ఒక్క మాట లేకపోతే మామూలు న్యుమోనియా అనుకుని వైద్యం దారి తప్పుతుంది. పక్కవాడు లాగుతున్నాడని తెలిస్తే వాణ్ని వెలివేయకండి, తోడు తీసుకెళ్లండి. సిగ్గు వల్ల, భయం వల్ల మనలో ఒక్కరు కూడా పోకూడదు.