ఈ కొండకి పేరుంది

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం నలుగురు టీచర్లం రెండు బండ్ల మీద రోజంతా తిరిగాం. ముందురోజు రాత్రే పాడేరులో కలిసి, తెల్లారకుండా వంజంగి ఎక్కాం. అక్కణ్ణించి జి.మాడుగుల మీదుగా చింతపల్లి, లంబసింగి, ఘాట్ దిగి కృష్ణదేవిపేట, రాత్రికి మళ్లీ పైకి. టీటీసీ చదివిన రోజుల్లో అనుకున్న ప్రయాణం ఇది, ఇన్నేళ్లకి కుదిరింది. చలికి వేళ్లు బ్రేకు మీదే బిగుసుకుపోయాయి. ఒకసారి పంక్చరు పడింది. అయినా సంతోషంగానే తిరిగాం. ఆ సంతోషం మీదే నాకిప్పుడు పేచీ.

వంజంగి కొండ మీద ఆ వేళకే తీర్థం లాగా జనం. మబ్బులు కింద, మనుషులు పైన. విశాఖపట్నం, హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద బండ్ల మీద వచ్చిన కుర్రాళ్లు. అందులో ఒకడు మా దగ్గరికొచ్చి, “అన్నా, మీరు లోకలా? ఇక్కడ ఎవరికీ తెలీని ప్లేస్ ఏదైనా ఉందా?” అని మర్యాదగానే అడిగాడు. ఎవరికీ తెలీని చోటంటే తనకి తెలీని చోటని అతని లెక్క. ఆ చోట ఎవరో పుట్టి ఉంటారు, ఎవరో ఆ పొద్దున కాఫీ పళ్లు కోస్తూ ఉంటారు. నేను ఈ మాట అనేలోపే మా మిత్రుడు ఫోన్ తీసి, వాళ్ల మావయ్య ఊరి వెనక ఉన్న జలపాతం ఫొటో చూపించి దారి కూడా చెప్పేశాడు. ఆ గెడ్డ నీళ్లే ఆ ఊరు తాగుతుంది. ఆడవాళ్లు స్నానాలు చేసేదీ అక్కడే. పైన రాతి దగ్గర కొండదేముడికి కోడిని కోస్తారు.

దిగేటప్పుడు అడిగాను, “అదేంట్రా, అలా చెప్పేశావ్?” అని.

“చూస్తే ఏం పోద్ది?” అన్నాడు.

రోజంతా ఆ ప్రశ్న బండి వెనక కూర్చుని నాతోపాటే వచ్చింది. ఏం పోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటారు, అరకుని ఆంధ్రా ఊటీ అంటారు. మన పిల్లలు కూడా వ్యాసాల్లో అలాగే రాస్తున్నారు, మనం ఎర్ర పెన్నుతో మార్కులు వేస్తున్నాం. ఊటీ అంటే ఏమిటో ఎప్పుడైనా పిల్లలకి చెప్పామా? అది తోడాల నేల, గేదెల్ని కాచుకుని బతికిన ఆదివాసుల నేల. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ అక్కడికెక్కాడు. చల్లగా ఉంది, బాగుంది అన్నాడు. బంగళా కట్టుకున్నాడు. వెనకే మిగతా దొరలు వచ్చారు, తర్వాత తోటలు, తర్వాత హోటళ్లు. ఇప్పుడు ఊటీ బొటానికల్ గార్డెన్ పైన తోడాల మంద ఒకటి ఉంది. టూరిస్టులు దాన్ని కూడా చూసి, ఫొటో తీసుకుని వస్తారు. మొత్తం కథ “చల్లగా ఉంది, బాగుంది” దగ్గరే మొదలైంది. మనల్ని ఆంధ్రా ఊటీ అన్నప్పుడు మురిసిపోయేవాళ్లు తోడాలకి ఏం జరిగిందో ఒకసారి కనుక్కోవాలి.

లంబసింగిలో టీ తాగుదామని ఆగాం. రోడ్డు పక్క చేలో వరసగా రంగురంగుల గుడారాలు. అక్కడ బొంగు చికెన్ కాలుస్తూ నాకొక కుర్రాడు కనబడ్డాడు. నా దగ్గర ఐదో తరగతి దాకా చదివాడు, ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదవాలి. లెక్కల్లో నాకంటే వేగం. నన్ను చూసి కర్ర కింద పడేసి లేచి నిలబడ్డాడు. “సంక్రాంతి దాటాక పోతాను మాస్టారూ. సీజను గదా” అన్నాడు. చేను వాళ్ల చిన్నాన్నదే. గుడారాలు మాత్రం మైదానం నుంచి వచ్చిన ఒకాయనవి. అయిదేళ్లకని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడట. చిన్నాన్న తన చేలోనే రాత్రి కాపలా ఉంటున్నాడు, నెల జీతానికి.

1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అనే చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదంటుంది. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం కూడా అందులోకే వస్తాయి. ఆ స్టాంపు కాగితం చట్టం ముందు చిత్తు కాగితం. ఈ సంగతి గుడారాల ఆయనకి తెలుసు, చిన్నాన్నకి తెలీదు. తెలియజెప్పాల్సింది ఎవరు? ఆ ఊళ్లో పదేళ్లు పాఠం చెప్పిన నేను చెప్పలేదు. పిల్లలకి ఎక్కాలు నేర్పాను, వాళ్ల అయ్యలకి వాళ్ల చట్టం నేర్పలేదు.

2025 మొదట్లో, టూరిజానికి పెట్టుబడులు రావాలంటే 1/70ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నవారి నోటి నుంచే వచ్చింది. ఫిబ్రవరిలో ఏజెన్సీ రెండు రోజులు బంద్ పాటించింది. చట్టం మార్చం అని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మనం గెలిచామనుకున్నాం. కానీ చట్టం మార్చకుండానే చేలు మారుతున్నాయి. 1997లో సమత తీర్పు అనంతగిరి కొండల్ని గనుల వాళ్ల నుంచి కాపాడింది. గనుల వాడు యంత్రాలతో వస్తాడు కాబట్టి కళ్లకి కనబడతాడు. గుడారం వాడు నవ్వుతూ వస్తాడు, మన కుర్రాళ్లే ఫోన్‌లో దారి చూపిస్తారు.

నేను టూరిస్టుల్ని రావద్దనడం లేదు. వలిసె చేలో ఫొటోకి డబ్బులు తీసుకునే ముసలమ్మని నేను తప్పుపట్టను. తొక్కేసిన మొక్కలకి అది నష్టపరిహారం, నన్నడిగితే ఇంకా ఎక్కువ తీసుకోవాలి. మన పిల్ల మిరియాలు అమ్ముకున్నా, మన కుర్రాడు తన సొంత చేలో తన సొంత గుడారం వేసినా నాకు సంతోషమే. చేను ఎవరి చేతిలో ఉంది, డబ్బు ఏ దారిన కిందికి దిగిపోతోంది అన్నదే నా గొడవ. “ఆదాయం వస్తోంది గదా” అనేవాళ్లు ఎవరికొస్తోందో కూడా చెప్పాలి.

లంబసింగి నుంచి ఘాట్ దిగుతుంటే మా వెనక కూర్చున్నవాడు, “రోడ్డు భలే ఉంది గదా” అన్నాడు. నిజమే, భలే ఉంది. ఆ రోడ్డుకి ఎదురుగా, లోయ అవతల కొండ మీద నాలుగు కప్పులు కనబడుతున్నాయి. అలాంటి గూడేల నుంచి నిండు నెలల మనిషిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. 108 రాలేని చోటికని మోటారు సైకిలుకి తొట్టి తగిలించి ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. మంచి ఆలోచనే, కానీ దానికీ దారి ఉండాలి. నేనే ఒకసారి జ్వరంతో వణుకుతున్న మనిషిని నాకూ వాళ్ల తమ్ముడికీ మధ్యలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నా నడుముకి కట్టుకుని, ఆసుపత్రికి తీసుకెళ్లాను. అదే బండి, అవే మలుపులు. ఆ రోజు నాకు ఏ లోయా అందంగా కనబడలేదు.

ఈ నర్సీపట్నం, లంబసింగి దారి ఎవరి చెమటతో మొదలైందో రైడ్ వీడియోల్లో ఎవడూ చెప్పడు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా మన పెద్దల చేత ఈ కొండల్లో రోడ్డు పని చేయించాడు. పితూరీకి ఉన్న కారణాల్లో ఆ కూలి ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు, తుపాకులు పట్టుకుపోయారు. వానాకాలం, ఉబ్బిన గెడ్డలు, కాలినడక. అందులో రెండు ఊళ్ల మధ్య బండి మీద తిరిగే సరికే మా నడుములు పట్టేశాయి. కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గర మేమూ సెల్ఫీ దిగాం. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మాలో ఇద్దరికే గుర్తున్నాయి. మల్లుదొర 1952లో లోక్‌సభకి గెలిచాడన్న సంగతి ఒక్కడికే తెలుసు. నలుగురమూ టీచర్లమే.

అంటే తప్పు ఆ విశాఖ కుర్రాడిది కాదు. పరాయివాడు కాబట్టి పరాయి చూపు చూశాడు. మనం ఎందుకు అలా చూస్తున్నాం? తమ్ముళ్లూ, మీలో చాలామంది కాఫీ డబ్బులు రాగానే అయ్యని ఒప్పించి వాయిదాల మీద బండి కొంటున్నారు. కొనండి, తిరగండి. హెల్మెట్ పెట్టుకోండి, ఈ మలుపుల్లో మన ఊళ్ల పిల్లల్ని చాలామందిని పోగొట్టుకున్నాం. కానీ మీరు పెట్టే వీడియోల్లో ఊరి పేరు ఉండటం లేదు. “హిడెన్ స్పాట్” అని రాస్తున్నారు. మీ అమ్మ నీళ్లు మోసే చోటు ఎవరికి హిడెన్? “వ్యూ పాయింట్” అని పేరు పెట్టిన రోజు నుంచి ఆ మెట్ట మీద పోడు చేసినవాడు, ఆవుల్ని మేపినవాడు, దేముడికి మొక్కినవాడు అందరూ ఫొటోకి అడ్డం వచ్చే మనుషులైపోతారు. ఆ తర్వాత వాళ్లని పక్కకి జరగమనడం చాలా సులువు.

సోమవారం నా నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని గుమ్మం ముందు నిలబెట్టి, కనబడే కొండలన్నిటి పేర్లు చెప్పమన్నాను. తొమ్మిది కొండలున్నాయి. నాకు తెలిసినవి మూడు. పిల్లలు ఆరు చెప్పారు, రెండింటికి ఇంటికెళ్లి అవ్వనడిగి వస్తామన్నారు, మర్నాడు వచ్చి చెప్పారు కూడా. మిగిలిన దాన్ని చూపించి ఒక పాప, “అది సన్‌రైజ్ పాయింట్ సార్” అంది. మిగతావాళ్లు అవునన్నారు.

ఆ కొండ మీద పశువుల్ని మేపింది ఆ బొంగు చికెన్ కుర్రాడి ఇంటివాళ్లు. దాని పేరు వాడికి తెలిసే ఉంటుంది, అడుగుదామనుకున్నాను. సంక్రాంతి దాటింది. హాస్టలుకి ఫోన్ చేస్తే ఇంకా రాలేదన్నారు.