గాజుతొట్టిలోని వింతపిల్లలు

గాజుతొట్టిలో చేపలను పెంచువారి యిండ్లలో అప్పుడప్పుడొక వింత జరుగుచుండును. తల్లియు తండ్రియు నీలపు చేపలే. పుట్టిన పిల్లలలో కొన్ని మాత్రము తెల్లగానో, పసుపుగానో, ఒడలెల్ల మచ్చలతోనో కనబడును. ఇంటిలోని బాలురు సంతోషముతో గంతులు వేయుదురు. పెద్దలు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. చూడవచ్చిన వారిలో నొకరు "ఇవి సంకరము" అని తీర్పు చెప్పుదురు. వేరొకరు "ఇది క్రొత్తజాతి, మంచి ధర పలుకును" అని ఆశ పెట్టుదురు. ఈ రెండును తొందరపాటు మాటలే. తల్లిని చూచి పిల్లను ఎంచుకొనుమని మన పెద్దలు చెప్పిరి గాని, ఈ చేపల విషయములో తల్లిని చూచిన చాలదు. తాతను, ముత్తవ్వను కూడ చూడవలసియుండును.

ఇట్టి వింతలు ఎక్కువగా కనబడునది సిక్లిడ్ అను కుటుంబపు చేపలలో. ఈ కుటుంబము ఆఫ్రికాలోను, మధ్య, దక్షిణ అమెరికాలలోను విస్తరించియున్నది. మన దేశమున సహజముగా నున్నవి మూడు జాతులు మాత్రమే. అందొకటి కేరళీయులు కరిమీన్ అని ప్రీతితో భుజించు చేప. దానిని ఆ రాష్ట్రము 2010లో రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియాయు ఈ కుటుంబములోనిదే. కాని ఈ కుటుంబపు వైభవమును చూడవలెనన్న ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా, విక్టోరియా సరస్సులకు పోవలెను. ఒక్క మలావి సరస్సులోనే ఐదువందలకు మించిన సిక్లిడ్ జాతులు కలవు. వానిలో పెక్కింటి యందు ఆడుచేప గ్రుడ్లను నోటిలో నుంచుకొని, సుమారు మూడు వారములు దాదాపు నిరాహారియై పిల్లలను కాపాడును. మాతృప్రేమకు ఉదాహరణలు వెదకువారు ఆవును, లేడిని మాత్రమే తలంతురు గాని, ఈ చిన్న చేప వానికేమియు తీసిపోదు.

ఇక రంగుల మాట. కాన్విక్ట్ సిక్లిడ్ అను మధ్య అమెరికా చేప యొకటి కలదు. ఒడలిపైనున్న నల్లని చారలు ఖైదీల దుస్తులను తలపించుటచే దానికా పేరు వచ్చినది. చారలు గల జంటకు ఒక్కొక్కసారి చారలే లేని తెల్లని పిల్లలు పుట్టుచుండును. ఇది సంకరము కాదు. మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలపై పరిశోధించి 1866లో ప్రకటించిన సూత్రమే ఇందుకు కారణము. తెలుపునకు కారణమగు జన్యువు అంతర్గతమైనది. తల్లియందొకటి, తండ్రియందొకటి దాగియున్నప్పుడు, రెండును కలిసిన పిల్ల తెల్లనగును. అట్టివి నాలుగింట ఒకటి చొప్పున పుట్టునని లెక్క. తాతనాటి రంగు మనుమనియందు బయటపడినట్లన్నమాట.

నికరాగువా దేశపు సరస్సులలోని మైడాస్ సిక్లిడ్ కథ ఇంకను చిత్రమైనది. ఆ పిల్లలన్నియు బూడిదరంగుతోనే పుట్టును. కొన్ని నెలలకో, ఏండ్లకో వానిలో కొన్ని నలుపును విడిచి బంగారువన్నె దాల్చును. వానిని రెండవ నెలలో చూచి జాతి నిర్ణయించువాడు ఏమని నిర్ణయించును? మలావి సరస్సులో లొంబార్డై అను జాతి పిల్లలెల్ల నీలముగా నుండును. యుక్తవయస్సు రాగానే మగవి పసుపుపచ్చనగును, ఆడువి నీలముగానే యుండిపోవును. ఆ సరస్సులోని రాతిచేపలలో కొన్ని జాతుల ఆడువానికి నారింజవన్నెపై నల్లని మచ్చలుండును. మచ్చలకు కారణమగు జన్యువు, ఆడుతనమును నిర్ణయించు క్రోమోజోముతో ముడిపడియున్నదని 2009లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. అందుచే కూతుళ్లు సాధారణముగా తల్లివలె మచ్చలతోను, కొడుకులు తండ్రివలె నీలముగాను ఎదుగుచుందురు. ఒక్క కాన్పులోనే రెండు తీరుల పిల్లలు! ఎరుగనివారు దీనిని చూచి శంకించుటలో ఆశ్చర్యమేమి? ఇవిగాక మేతలోని లోపము, బలమైన మగచేపకు వెరచుట మొదలగు కారణములచేత కూడ రంగు వెలవెలబోవును.

అట్లని సంకరము లేనేలేదనుటయు పొరపాటే. సరస్సులో ఆడుచేప తన జాతి మగవానిని ముఖ్యముగా రంగును బట్టి గుర్తించి వరించును. అచ్చట ఎన్నుకొనుటకు ఎందరో వరులు. నాలుగడుగుల తొట్టిలో ఆ అవకాశమెక్కడిది? తన జాతి మగవాడు లేనప్పుడు అది పొరుగుజాతి వానితోనే జతకట్టును. ఇట్లు పుట్టిన పిల్లలు కంచరగాడిదవలె గొడ్డుపోవునని తలపరాదు. చుట్టరికము దగ్గరగా నున్న సిక్లిడ్ జాతుల సంకరములు తరచుగా సంతానము గలవే యగును. చిక్కంతయు అచ్చటనే యున్నది. కంచరగాడిదతో కథ ముగియును. ఇచ్చట కథ మొదలగును. పైగా ఒక్క తల్లి నోటిలోని పిల్లలకు ఒకరికి మించిన తండ్రు లుండవచ్చును. కావున సగము పిల్లలు స్వచ్ఛమైనవియు, సగము సంకరములును కావచ్చును. రంగును మాత్రము చూచి వీనిని వేరుచేయుట నిపుణులకు సైతము కష్టమే. ఆ తొట్టిలో ఏయే చేపలుండెనో తెలియుటయే మొదటి సాక్ష్యము.

తొట్టిలో జరుగునది సరస్సులోను జరుగగలదని విక్టోరియా సరస్సు చూపినది. ఆ సరస్సున ఎఱ్ఱని మగచేపలు గల జాతి యొకటి, నీలపు మగచేపలు గల జాతి యొకటి చెంతచెంతనే జీవించుచున్నవి. ఓలె సేహౌసన్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఈ చేపలను పరీక్షించిరి. మామూలు వెలుతురులో ప్రతి ఆడుచేపయు తన జాతివానినే కోరినది. ఎఱుపు నీలముల భేదము తెలియని ఏకవర్ణపు కాంతిలో నుంచగా, ఆ వివేచనము పోయినది. ఒడ్డున అడవులు నరికి సాగుచేయుటవలనను, మురుగునీరు చేరుటవలనను ఆ సరస్సునీరు కలకబారినది. నీరు కలకబారినచోట రంగులు కనబడవు. రంగులు కనబడనిచోట జాతులు ఒకదానిలో నొకటి కలిసిపోవుచున్నవని వారు 1997లో ప్రకటించిరి. అంతకుముందే, 1950 దశకములో, ఆ సరస్సులో విడిచిన నైలుపెర్చ్ అను పెద్దచేప 1980 దశకము నాటికి విపరీతముగా పెరిగి ఎన్నో జాతులను మ్రింగివేసినది. కత్తితో నరికినట్లు కొన్ని పోయినవి. పాలలో నీరు కలిసినట్లు కొన్ని పోయినవి.

ఇచ్చట నొక ఆక్షేపణ కలదు. "మనుష్యుడు మామిడిని సంకరము చేయలేదా? నీలమును దసేరీతో కలిపి మల్లికను పుట్టించిరి. అందరును మెచ్చి తినుచున్నారు గదా!" అని కొందరందురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. అంతేకాదు, విక్టోరియా సరస్సులోని వందలకొలది జాతులు పుట్టుటకు పూర్వము, రెండు వేర్వేరు వంశముల చేపలు సంకరమగుటయే ఆ వైవిధ్యమునకు మూలమని 2017లో ప్రకటించిన పరిశోధనవలన తెలిసినది. ప్రకృతి సంకరమును పాపముగా నెంచలేదు. కాని మల్లిక తల్లి యెవరో తండ్రి యెవరో పుట్టించినవారు వ్రాసి పెట్టిరి. దానిని దసేరీ యని చెప్పి ఎవరును అమ్మలేదు. ఆక్షేపణ ఎవరు చేసినను ఈ భేదమును మరువరాదు.

చేపల వర్తకములో ఇట్టి వ్రాత యరుదు. నేడు హైదరాబాదు, విజయవాడ అంగళ్లలో తలపై బుడిపెతో మెరయు ఫ్లవర్ హార్న్ చేపను అదృష్టచిహ్నమని కొనిపోవువారు కలరు. 1990 దశకము చివర మలేషియాలో అనేక మధ్య అమెరికా జాతులను కలిపి దానిని సృష్టించిరి. ఏయే జాతులను ఎంతెంత కలిపిరో నేటికిని స్పష్టముగా తెలియదు. దానిని విడిచిన చోట్ల కీడు కలిగినది. ఇండోనేషియాలోని సులవేసి దీవియందలి మతానో సరస్సులో అది స్థిరపడి, ప్రపంచమున మరెచ్చటను లేని స్థానికపు చేపలకు ముప్పు తెచ్చిపెట్టినది. తైవానులో పుట్టిన బ్లడ్ పారట్ అను మరియొక సంకరము నోటిని సరిగా మూయజాలదు. మేత నందుకొనుటయే దానికి ప్రయాస. కంటికింపుగా నున్నదని నోరు మూయలేని ప్రాణిని కోరి పుట్టించుట వేడుక యని యెట్లు పిలువవలెనో తెలియదు. ఇది అందము కాదు, అమ్మకము.

అందుచే వింతపిల్లలు పుట్టినయింట చేయవలసిన పని పెద్దదేమియు కాదు. వానిని వేరుతొట్టిలో నుంచవలెను. తల్లి యెవరు, తొట్టిలోనున్న మగచేప లేవి, పుట్టిన దినమేది, ఏ నెలలో ఏ రంగు వచ్చినది అను సంగతులను నోటుపుస్తకములో వ్రాయవలెను. సందేహమున్నంతవరకు ఒక జాతిపేరు పెట్టి ఇతరుల కీయరాదు. ఇచ్చినచో సందేహమును కూడ కలిపి ఈయవలెను. పెంచుటకు చోటు చాలలేదని కాలువలోనో చెరువులోనో విడిచిపెట్టుట దయ కాదు.

ఇంత పట్టుదల ఏల యని అడుగవచ్చును. విక్టోరియా సరస్సున నశించిన జాతులలో కొన్ని, జంతుప్రదర్శనశాలల తొట్లలోను, శ్రద్ధగల పెంపకందారుల యిండ్లలోను మాత్రమే నేడు బ్రదికియున్నవి. వానిలో నొకదానిని పొరుగుజాతితో కలిసిన పిల్లలను, అసలువే యని నమ్మి ఒకరు వేరొకరికిత్తురు; వారు మరియొకరికిత్తురు. నాలుగు తరములు గడచిన పిమ్మట పొరపాటు తెలిసినను, మరల తెచ్చుకొనుటకు సరస్సులో ఆ చేప లేదు.