తడబడే మాటకు వ్యవధి ఇద్దాం

ఉదయం బడిలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు నత్తి ఉన్న పిల్లవాడెవరో గుర్తుపట్టడం కష్టం. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన ఆ వాక్యాలను అందరితో గొంతు కలిపి అతను తడుముకోకుండా చెబుతాడు. అదే పిల్లవాణ్ని ముందుకు పిలిచి ‘నువ్వు చెప్పించు’ అంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. నాలుక అదే, మాటలూ అవే. ఇప్పుడు అందరూ తనవైపే చూస్తుండగా ఒంటరిగా మాట్లాడాలి, అంతే తేడా. నత్తి ఉన్నవారిలో చాలామంది పాట పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు తడబడరు. ఈ సంగతి వాక్ చికిత్సకులకు ఎప్పటినుంచో తెలుసు. నత్తి గురించి మాట్లాడేటప్పుడు వినేవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలని చెప్పడానికి ఇంతకుమించిన ఆధారం అక్కర్లేదు.

నత్తి అరుదైనదేమీ కాదు. పిల్లల్లో నూటికి అయిదుగురికి ఏదో ఒక దశలో వస్తుంది. ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య మొదలవుతుంది. వారిలో నాలుగింట మూడొంతుల మందికి క్రమంగా తగ్గిపోతుంది. మొత్తం జనాభాలో చూస్తే నూటికి ఒకరికి నత్తి ఉంటుంది, పెద్దల్లో మగవారే ఎక్కువ. ఈ అంచనాను సుమారు 20 లక్షల జనాభా ఉన్న మన పల్నాడు జిల్లాకు వర్తింపజేస్తే దాదాపు 20 వేల మంది అవుతారు. ఇంతమంది మన మధ్యే ఉన్నా మనకు కనిపించకపోవడానికి కారణం ఒకటే. వారిలో చాలామంది మాట్లాడటం తగ్గించుకుని బతుకుతున్నారు.

పిరికితనం వల్లనో, తెలివి తక్కువవడం వల్లనో, తల్లిదండ్రుల పెంపకం సరిగా లేకనో నత్తి రాదు. మాటను నడిపించే మెదడు వ్యవస్థల్లోని తేడా దీనికి మూలం. కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపించే నత్తికి కొన్ని జన్యువులతో సంబంధం ఉందని 2010లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. అయినా మన ఇళ్లలో ఇప్పటికీ వసకొమ్ము అరగదీసి నాకిస్తారు, నోట్లో గులకరాళ్లు పెట్టి చదివిస్తారు, నాలుక కింద కోయిస్తే పోతుందంటారు. వస పసిపిల్లలకు హాని చేయగలదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. నాలుక కోతకూ నత్తికీ సంబంధమే లేదు. ‘నిదానంగా చెప్పు నాయనా, ఊపిరి పీల్చుకుని చెప్పు’ అనే మాట ప్రేమతో అన్నదే. అయినా తన మాటలో ఏదో తప్పుందన్న సంగతినే అది బిడ్డకు పదేపదే గుర్తుచేస్తుంది.

అలా గుర్తుచేస్తే ఏమవుతుందో 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం చేసిన ఒక క్రూరమైన ప్రయోగం చూపించింది. అనాథాశ్రమంలో చక్కగా మాట్లాడే కొందరు పిల్లలకు ‘మీకు నత్తి వస్తోంది, జాగ్రత్త’ అని నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు. కానీ వాళ్లు ముడుచుకుపోయారు, నోరు విప్పడానికే జంకారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. నత్తి మెదడులో పుడుతుంది, మౌనాన్ని మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు అంటగడతారు. కోటప్పకొండ త్రికోటేశ్వరుణ్ని దక్షిణామూర్తి స్వరూపంగా కొలిచే ప్రాంతం మనది. మౌనంగా బోధించే దక్షిణామూర్తికి ఆ మౌనం తాను ఎంచుకున్నది. మన పిల్లల మౌనం మనం వాళ్ల మీద మోపినది.

ఆ మౌనం మోసుకుని బతకడం ఎలా ఉంటుందో నరసరావుపేట బస్టాండులోనే చూడవచ్చు. పిడుగురాళ్లకు టికెట్ అడగాల్సిన కుర్రాడికి ‘పి’ దగ్గర గొంతు పట్టేస్తే, చిల్లర చేతిలో పెట్టి వేలితో చూపిస్తాడు, లేదా నోటికి వచ్చే మరో ఊరి పేరు చెప్పి ఎక్కువ డబ్బు ఇచ్చుకుంటాడు. పలకని మాటకు బదులు మరో మాట వెతుక్కోవడం వీళ్లకు నిత్యం ఉండే అలవాటు. సొంత పేరుకు మాత్రం బదులు మాట దొరకదు. హాజరు పిలిచినప్పుడు, ఫోన్ ఎత్తినప్పుడు, పెళ్లిచూపుల్లో పేరు అడిగినప్పుడు తప్పించుకోవడానికి దారి ఉండదు. పట్టణంలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో క్యాంపస్ ఎంపికలు కూడా ‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్నతోనే మొదలవుతాయి. కోడింగ్‌లో ముందున్న విద్యార్థి అక్కడ వెనకబడితే ఆ పరీక్ష అతని పనితనాన్ని కొలిచినట్టా, గొంతు వేగాన్ని కొలిచినట్టా?

మన సినిమా ఈ బరువును పెంచింది. దశాబ్దాలుగా నత్తి ఉన్న పాత్ర నవ్వులకోసమే వచ్చింది. 2017లో వచ్చిన ‘జై లవ కుశ’ కొంత భిన్నం. నత్తి కారణంగా నాటకంలో చోటు దక్కక, తోడబుట్టినవాళ్ల చేతనే చిన్నచూపుకు గురైన జై లోపలి మంటను జూనియర్ ఎన్టీఆర్ గౌరవంగా పలికించారు. గాయం ఎక్కడ మొదలైందో ఆ సినిమా సరిగ్గానే పట్టుకుంది. అయితే గాయపడినవాడు రావణుడిలా మారడమే అందులో కథ. నత్తితోనే ఉద్యోగం చేసి, పిల్లల్ని చదివించి, నలుగురిలో మాట్లాడే మామూలు మనిషి తెరమీద ఇంకా రావాల్సే ఉంది.

అలాంటివాళ్లు నిజజీవితంలో ఉన్నారు. 1957లో కేరళ తొలి ముఖ్యమంత్రి అయిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నత్తితోనే దశాబ్దాలపాటు సభల్లో మాట్లాడారు. మీకెప్పుడూ నత్తేనా అని ఒకరు అడిగితే, మాట్లాడేటప్పుడు మాత్రమే అని ఆయన బదులిచ్చారని చెప్పుకుంటారు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన జో బైడెన్ తన చిన్ననాటి నత్తి గురించి దాచకుండా చెప్పారు. నత్తిని దాచడానికి పెట్టే శ్రమే మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది. ‘నాకు నత్తి ఉంది, కాస్త సమయం పడుతుంది’ అని ముందే చెప్పేస్తే ఆ భారం చాలావరకు దిగుతుంది. వాక్ చికిత్స నేర్పే ముఖ్యమైన మెళకువల్లో ఇదీ ఒకటి. అయితే ఆ మాట చెప్పినవాడికి ఎదుటివాడు నిజంగా సమయం ఇచ్చినప్పుడే అది పనిచేస్తుంది. ధైర్యమంతా నత్తి ఉన్నవాళ్లే తెచ్చుకోవాలనడం న్యాయం కాదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మాట, భాషకు సంబంధించిన వైకల్యానికి అది స్వరపేటిక తొలగింపును, పక్షవాతం వంటివాటితో మాట పోవడాన్ని ఉదాహరణలుగా చూపింది. అందులో నత్తి పేరు లేదు. రిజర్వేషన్ సంగతి అలా ఉంచినా, మౌఖిక పరీక్షల్లో అదనపు సమయమైనా హక్కుగా అందాలి. చిన్నపిల్లల విషయంలో ఆలస్యం అసలే తగదు. సిడ్నీలో రూపుదిద్దుకున్న లిడ్‌కాంబ్ పద్ధతిలో ఆరేళ్లలోపు పిల్లలకు థెరపిస్టు మార్గదర్శనంలో తల్లిదండ్రులే ఇంట్లో చికిత్స చేస్తారు. 1965లో ఏర్పడిన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ నిపుణులను తయారుచేస్తోంది. మాచర్ల, గురజాల వైపునుంచి కూలి మానుకుని వచ్చే తల్లికి ఆ నైపుణ్యం హైదరాబాద్‌లోనో మైసూరులోనో కాకుండా 2022లో జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో, ప్రభుత్వాసుపత్రిలో అందాలి. నత్తిని గుర్తించడం అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు నేర్పాలి.

వీటన్నిటికీ ఉత్తర్వులు, నిధులు కావాలి. ఈ రోజే మొదలుపెట్టగలిగేవీ ఉన్నాయి. ఎదుటివారి వాక్యాన్ని మనం పూర్తిచేయకూడదు. చూపు తిప్పుకోకూడదు. తరగతిలో ఎవరైనా నవ్వితే ఉపాధ్యాయుడు అక్కడికక్కడే ఆపాలి. ఇంటర్వ్యూ చేసేవారు అభ్యర్థి ఎంత వేగంగా చెప్పాడన్నది వదిలి, ఏం చెప్పాడన్నదానికి మార్కులు వేయాలి. నత్తి ఉన్న మనిషి ఒక వాక్యం పూర్తిచేయడానికి మనకంటే కొన్ని క్షణాలు ఎక్కువ తీసుకుంటాడు. ఆ కొన్ని క్షణాలు ఇవ్వలేని సమాజం, అతను ఎందుకు మాట్లాడడని అడిగే హక్కు కోల్పోతుంది.