వడదెబ్బకు సలహాలు చాలవు!



మే నెలలో చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. "నీళ్లు తాగండి, నీడపట్టున ఉండండి" అని ఏటా హితవు చెబుతారు. మంచిదే. కానీ కాగితం మిల్లులో ఆవిరితో కాగే డ్రయ్యర్ల పక్కన నీడ ఎక్కడిది? నీళ్లకు పోతే మిషను ఎవరు చూస్తారు? కాసేపు కూర్చుంటే కూలి కోత పడే కాంట్రాక్టు కార్మికుడు ఏం చేయాలి?

250 మందికి మించి పనిచేసేచోట వేసవిలో చల్లని తాగునీరు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం, 18వ సెక్షన్ శాసించింది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. చట్టం పేరు మారితే దాహం మారుతుందా?

తోటివాడి ఒళ్లు కాలిపోయి, మాట తడబడితే ఆలస్యం వద్దు. చల్లనిచోటికి చేర్చి, ఒంటిపై నీళ్లు పోస్తూ ఆస్పత్రికి తరలించండి. ఆ గతి పట్టకుండా మిషను దగ్గరే చల్లని నీళ్లు, కూలి కోతలేని విరామం, ఆ వేళకు బదిలీ మనిషి కావాలి. పర్మినెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా కలిసి అడుగుదాం!