పాత నాణేన్ని తోమకండి

తాతల నాటి పెట్టె అడుగున విక్టోరియా రాణి వెండి రూపాయో, 1943-47 నడుమ వచ్చిన చిల్లు కానీయో మనలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం వచ్చిందంటే దాన్ని చింతపండుతో తోమి, తళతళలాడించి పూజలో పెడతాం. పూజకు అది శోభే. అయితే నాణేలు సేకరించేవారి లెక్క వేరు.

వారు నాణేనికి 1 నుంచి 70 వరకు మార్కులు వేస్తారు. అమెరికన్ రాగి సెంట్ల కోసం 1949లో విలియం షెల్డన్ ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. 60, ఆపైన మార్కులు చేతులు మారని నాణేలకే. తోమితే టంకసాల మెరుపు పోయి సన్నని గీతలు పడతాయి. అలాంటి దానికి మార్కు ఇవ్వకుండా 'శుభ్రం చేసినది' అని రాస్తారు.

వేలిముద్రా తక్కువది కాదు. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు లోహాన్ని తింటాయి. కొన్నాళ్ళకు వేలిగీతలు నల్లగా తేలతాయి, మార్కు తగ్గుతుంది. రాగికి ఈ బెడద మరీ ఎక్కువ. లోహంలోకి దిగిన ముద్ర ఇక పోదు.

అందుకని చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తండి. జారినా దెబ్బ తగలకుండా కింద మెత్తని గుడ్డ పరవండి. దానిపైకి వంగి మాట్లాడకండి, తుంపర పడినా మచ్చే. పి.వి.సి. కవర్లలో దాచకండి, పచ్చని జిగురు పడుతుంది.

పూజకు ఒక నాణెం వేరుగా ఉంచుకోండి. మిగిలినవాటి నల్లదనం మురికి కాదు, వయసు. దాన్ని అలాగే పిల్లలకు అందించండి.