ముప్పైకి ముప్పై: నాయకుల మేధాశక్తికి ఆ మార్కులే ధ్రువపత్రమా?

పుదుచ్చేరి: అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌కు మేధాశక్తి పరీక్షలో 30కి 30 మార్కులు వచ్చాయని 2018 జనవరిలో ఆయన వైద్యుడు రానీ జాక్సన్ ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో శ్వేతసౌధం విడుదల చేసిన వైద్య నివేదికలోనూ అదే స్కోరు కనిపించింది. కఠినమైన పరీక్షలో నెగ్గానని ట్రంప్ పలుమార్లు చెప్పుకొన్నారు. అయినా సందేహాలు సద్దుమణగలేదు. ఆ మార్కులు నిజమా, కాదా అన్న వాదోపవాదాల్లో అసలు ప్రశ్న మరుగున పడుతోంది. ఆ పరీక్ష దేనిని కొలుస్తుంది? పాలనా సామర్థ్యాన్ని నిర్ధారించే శక్తి దానికి ఉందా? నాయకుల ఆరోగ్యం తరచూ ఎన్నికల అస్త్రంగా మారుతున్న భారత్‌కూ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి.

జల్లెడ మాత్రమే

ట్రంప్ రాసిన పరీక్ష పేరు మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్. వైద్యులు సంక్షిప్తంగా 'మోకా' అంటారు. కెనడాకు చెందిన నాడీవైద్యుడు జియాద్ నస్రెద్దీన్ బృందం దీనిని 2005లో వైద్య పత్రికలో ప్రచురించింది. పూర్తిచేయడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. గడియారం బొమ్మ గీసి చెప్పిన సమయాన్ని ముళ్లతో చూపడం, జంతువుల బొమ్మలను గుర్తుపట్టడం, ఐదు పదాలను కొద్దిసేపటి తరువాత తిరిగి చెప్పడం, వంద నుంచి ఏడు చొప్పున తీసివేస్తూ పోవడం వంటివి అందులో ఉంటాయి. 26, అంతకుమించి మార్కులు వస్తే సాధారణంగా లోపం లేనట్లు పరిగణిస్తారు.

తేలికపాటి మతిమరుపు లక్షణాలను తొలిదశలోనే పసిగట్టడం దీని లక్ష్యం. ఆరోగ్యవంతులు ఇందులో నెగ్గడం విశేషం కాదు. ఇది తెలివితేటలను కొలిచే ఐక్యూ పరీక్ష కాదని రూపకర్త నస్రెద్దీన్ స్వయంగా స్పష్టం చేశారు. జల్లెడలో నిలిచిన గింజకు తదుపరి పరీక్ష అవసరమని మాత్రమే తెలుస్తుంది. జారిపోయిన గింజ మేలైనదని జల్లెడ హామీ ఇవ్వదు. తక్కువ మార్కులు వ్యాధి నిర్ధారణ కానట్లే, పూర్తి మార్కులు వివేచనకు, సంయమనానికి, ఒత్తిడిలో నిర్ణయం తీసుకునే నేర్పుకు రుజువు కావు.

పరీక్షను నిరాకరించినా ఫలితం భిన్నంగా లేదు. 2024 జూన్ 27 నాటి చర్చలో తడబడిన నాటి అధ్యక్షుడు జో బైడెన్, తన ఉద్యోగమే రోజూ తనకొక పరీక్ష అంటూ ప్రత్యేక పరీక్ష అవసరం లేదన్నారు. జులై 21న పోటీ నుంచి తప్పుకొన్నారు. ఒకరు మార్కులను డాలుగా పట్టుకున్నారు, మరొకరు పరీక్షనే పక్కన పెట్టారు. ప్రజల నమ్మకం ఇద్దరికీ పూర్తిగా దక్కలేదు.

మౌనం నింపిన ఖాళీ

భారత్‌లో నాయకులు మార్కులు ప్రకటించే ఆనవాయితీ లేదు. ఆ ఖాళీని వదంతులు నింపుతాయి. తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత 2016 సెప్టెంబరు 22న ఆసుపత్రిలో చేరి డిసెంబరు 5న కన్నుమూశారు. ఆ 75 రోజుల్లో తలెత్తిన అనుమానాలపై నియమించిన ఆర్ముగస్వామి కమిషన్ నివేదిక రావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. 2024 మేలో ఒడిశా ప్రచారసభలో ప్రధాని నరేంద్ర మోదీ, నాటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ఆరోగ్యం క్షీణించడంపై విచారణ కమిటీ వేస్తామన్నారు. తాను ఆరోగ్యంగానే ఉన్నానని నవీన్ బదులిచ్చారు. రెండు మాటలూ ఓటర్ల ముందుకు ఎన్నికల వేదికల నుంచే వచ్చాయి.

పుదుచ్చేరి అనుభవం దీనికి మరో కోణాన్ని జోడిస్తుంది. 2021 మే 7న ఎన్.రంగసామి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రెండు రోజులకే కోవిడ్ నిర్ధారణ కావడంతో చెన్నైలోని ఆసుపత్రిలో చేరారు. ఆయన చికిత్స పొందుతుండగానే ముగ్గురు బీజేపీ నేతలను కేంద్రం శాసనసభకు నామినేట్ చేసింది. దాంతో ఆ పార్టీ బలం ఆరు నుంచి తొమ్మిదికి చేరి, పది స్థానాలున్న మిత్రపక్షం ఎన్.ఆర్.కాంగ్రెస్‌కు దాదాపు సమమైంది. నామినేట్ చేసే అధికారం కేంద్రానికి ఉందని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే సమర్థించింది. కాబట్టి ఇక్కడ వివాదం చట్టబద్ధతపై కాదు. మిగిలిన మంత్రులు ప్రమాణం చేసింది జూన్ 27న. ఆ జాప్యానికి మిత్రపక్షాల మధ్య పదవుల బేరసారాలూ కారణమే. రంగసామిది మేధాశక్తికి సంబంధించిన సమస్య కాదు, అది కొద్దిరోజుల అంటువ్యాధి. 30 మంది ఎన్నికైన సభ్యుల సభలో ముఖ్యమంత్రి కొన్నాళ్లు మంచం పట్టినా అధికార సమీకరణాలు కదలగలవని ఆ మే నెల చూపింది.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం, 1963 సభ్యుల అనర్హత విషయంలో రాజ్యాంగంలోని 102వ అధికరణాన్నే ఆధారం చేసుకుంటుంది. మతిస్థిమితం లేదని సమర్థ న్యాయస్థానం ప్రకటిస్తేనే అనర్హత వర్తిస్తుంది. ఆరోగ్యానికీ ఈ తీవ్రస్థితికీ నడుమ ఉన్న సుదీర్ఘ దశలపై చట్టం మౌనం వహిస్తోంది. నామినేషన్‌తో సమర్పించే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, విద్యార్హతలు చెప్పాలి. ఆరోగ్యం గురించి చెప్పనక్కర్లేదు. అమెరికాలో 1967 నాటి 25వ రాజ్యాంగ సవరణ, అధ్యక్షుడు అశక్తుడైతే బాధ్యతలు ఎవరివో నిర్దేశించింది. భారత్‌లో ముఖ్యమంత్రుల విషయంలో అటువంటి స్పష్టమైన విధానం లేదు.

అలాగని పోటీదారులందరికీ ఒకే మేధాశక్తి పరీక్ష పెట్టాలనడం సులువైన పరిష్కారమేమీ కాదు. ఈ పరీక్షలు భాషతో, చదువుతో ముడిపడినవి. 'మోకా'లో పన్నెండేళ్లకు మించి చదవనివారికి ఒక మార్కు కలపడం అందుకే. ఒకే ఇంగ్లిషు అక్షరంతో మొదలయ్యే పదాలను నిమిషంలో చెప్పమనే ప్రశ్నను తెలుగులోకి తెస్తే చిక్కు వెంటనే ఎదురవుతుంది. 'ప'తో మొదలయ్యే పదాలు చెప్పమంటే 'పిల్లి', 'పూలు' లెక్కలోకి వస్తాయా? పుదుచ్చేరి, కారైకాల్‌లో తమిళం, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం మాట్లాడే ప్రాంతంలో ఒకే కొలబద్దతో నాయకులను తూచడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు సహా ఐదు భాషల్లో ప్రత్యేక పరీక్షలు రూపొందించడానికి కారణం ఇదే. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై సువర్ణ అల్లాడి బృందం జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు భాషలు తెలిసినవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు అందులో తేలింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది.

ఓటరుకు నాయకుడి మార్కుల పట్టీతో పని లేదు. ఆసుపత్రిలో చేరితే ఆ సంగతి, ఎంతకాలం విధులకు దూరమవుతారన్న అంచనా, ఆలోగా దస్త్రాలపై ఎవరు నిర్ణయం తీసుకుంటారన్న స్పష్టత చాలు. పరీక్ష జరిగిందని చెబితే అది ఏ పరీక్షో, దేనిని కొలవదో కూడా వైద్యుడే చెప్పాలి. ఆపైన వ్యక్తిగత గోప్యత నాయకులకూ ఉంటుంది.

దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన అంచనా. వేదికలపై మార్కులను కిరీటంలా ప్రదర్శించినా, ప్రత్యర్థి మతిమరుపును ఎగతాళి చేసినా ఆ కుటుంబాలు వింటూనే ఉంటాయి. పరీక్షకు వెళ్లడమే పరువు తక్కువ అని ఇంట్లో పెద్దాయన అనుకుంటే, తొలిదశలో అందాల్సిన వైద్యం చేజారుతుంది. నాయకుల మాటలకు చివరికి మూల్యం చెల్లించేది అటువంటి ఇళ్లే.