సంగటి తెడ్డు మాదిరి గిటారు

ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా మన ఆడవాళ్లం ముందు చూసేది దాని రూపాన్నే. గ్రైండరైనా, కుర్చీ అయినా, పక్కింటి కోడలి గాజులైనా అంతే. పనితనం సంగతి ఆ తరువాత. ఆ లెక్కన మా మేనకోడలు బెంగళూరు నుంచి తెచ్చిన వాయిద్యానికి మా చౌడేపల్లెలో పాసుమార్కులు కూడా పడవు.

గిటారంటే మనకు తెలిసిన రూపం ఒకటుంది కదండీ. నడుము దగ్గర సన్నగా, కింద గుండ్రంగా, పైన ఒక తల, ఆ తలకు చెవుల్లాగా బిరడాలు. దీనికి తలా లేదు, నడుమూ లేదు. పొడుగాటి మెడ, దాని చివర చిన్న పీటంత నల్లటి చెక్కలాంటిది. దాని మీద లావుపాటి తీగలు నాలుగు. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని మరీ చూసి, "ఏందే అమ్మణ్ణీ ఇది, సంగటి తెడ్డు మాదిరుండాది!" అనేసింది. రాగిసంగటి కెలికిన చెయ్యి మరి, పోలిక తప్పలేదు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది కానీ, వాళ్లమ్మ నవ్వలేదు.

మా వదిన బాధ వేరు. ఈ నెలలోనే పెళ్లిచూపులకు వస్తామని కబురు వచ్చింది. "ఆడపిల్ల ఉద్యోగం చేస్తాదంటే సరే. సాయంత్రమైతే ఇది మెడలో వేసుకుని నలుగురు మగపిల్లలతో కలిసి వాయిస్తాదంటే ఏమనుకుంటారు? వీణ అయినా బాగుండేది. అమ్మేయమను, లేకుంటే అటక మీద పెట్టమను. నీ మాటైతే వింటాది" అని ఆ పని నా నెత్తిన పెట్టింది. చెప్పేముందు అసలా వస్తువేమిటో తెలుసుకోవాలి కదా! ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

ఇది బేస్ గిటారు. మామూలు గిటారుకు ఆరు తీగలైతే దీనికి నాలుగు. స్వరం ఒక స్థాయి కిందికి, మంద్రంలో పలుకుతుంది. అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుందట. అంత కింది స్వరం రావాలంటే తీగ పొడవుగా ఉండాలి. అందుకే మామూలు బేస్‌లో తీగ మోగే భాగమే 34 అంగుళాలు ఉంటుంది. అంత పొడుగు మెడ చివర ఇనుప బిరడాలతో ఒక తల పెడితే ఏమవుతుంది? పిడి బరువెక్కువైన గరిటె గిన్నెలో నిలవకుండా ఇవతలికి పడిపోవడం మనకు తెలిసిందే. ఇదీ అంతే. భుజాన వేసుకుంటే తల కిందికి లాగుతుంది. వాయించాల్సిన ఎడమచెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది.

దీనికి మార్గం కనిపెట్టినాయన సంగీత విద్వాంసుడు కాదు, కుర్చీలు, బల్లలు డిజైన్ చేసే మనిషి. పేరు నెడ్ స్టైన్‌బర్గర్. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో గిటార్లు చేసేవాళ్ల పక్కన పనిచేస్తూ 1970ల చివర్లో ఈ ఆలోచన చేశాడు. తీగను బిగించడానికి పైనే ఏదో ఉండాలని ఎవరన్నారు? బిరడాల పని కింది కొసకు మార్చేశాడు, తల తీసేశాడు. మెడ బరువు తగ్గింది కాబట్టి దానికి సరితూగేందుకు ఒళ్లు పెద్దగా ఉండాల్సిన అవసరమూ పోయింది. పైగా ఆయన కొయ్య వాడలేదు. గ్రాఫైటు పోగులను రెజిన్‌తో కలిపి పోతపోశాడు. కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు వంగుతుంది. దీనికి ఆ బెడద లేదు. మా పిల్లది ఆయన చేసినది కాదు లెండి, ఆ పద్ధతిలో కొయ్యతో చేసినది, అదీ సెకండ్‌హ్యాండ్. జీతంలోంచి కొంచెం కొంచెం దాచి కొనుక్కుందట.

ఈ సంగతి విన్నాక మళ్లీ చూస్తే, అందులో అక్కరలేనిది ఒక్కటీ కనిపించలేదు. మంచి కత్తిపీటను చూసినట్టనిపించింది.

కానీ కంటికి నచ్చితే సరిపోదుగా, చెవి సంగతేమిటి? ఇక్కడొక తమాషా ఉంది. ఫోనులో పాట పెట్టుకుని బేస్ వినాలంటే వినిపించదు. ఆ చిన్న స్పీకరుకు అంత కింది స్వరం పలికే శక్తి లేదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. ఆ పిల్ల నా చెవుల్లో పెట్టి, 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు వినిపించింది. ఇళయరాజా గారివి, ఎన్ని వందలసార్లు విన్నానో! "అత్తా, పాడేవాళ్లను వదిలెయ్, కింద నడిచేదాన్ని పట్టుకో" అంది. పట్టుకున్నాను. పాట కింద ఇంకో పాట నడుస్తోంది! తరువాత తన బేస్ మీద అదే వాయిస్తూ మధ్యలో చెయ్యి ఆపింది. అన్నీ ఉన్నాయి, రుచి లేదు. ఉప్పు వెయ్యడం మరిచిన పప్పు. ఉన్నప్పుడు ఎవరూ ఉప్పు బాగుందనరు, లేనప్పుడు మాత్రం మొదటి ముద్దకే తెలుస్తుంది.

రూపం చూసి ముఖం చిట్లించడం మనకు కొత్తేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడు, కర్ణాటక సంగీతానికి ఈ బుడ్డి విదేశీ వాయిద్యమా అన్నవాళ్లు లేకపోలేదు. నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండే ఆ వాయిద్యంలో నాదం చటుక్కున తెగిపోతుంది, గమకం పలకదు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు, చివరికి వాటిని ఐదు చేసుకున్నాడు. బోలు డొప్ప వదిలి, కరెంటుతో పలికే గట్టి చెక్క వాయిద్యం తీసుకున్నాడు. మాండలిన్‌లా కనిపించని మాండలిన్ అన్నమాట. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే ఈ పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొమ్మిదేళ్ల వయసులో మొదటి కచేరీ. 1998లో పద్మశ్రీ. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈనాడు మాండలిన్ కర్ణాటక వాయిద్యం కాదనే వాళ్లు నాకైతే కనబడలేదు.

అంతెందుకు, మా పక్కనే ఉన్న పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తు కూడా లేని ఆవును ఒకప్పుడు ఇది ఆవా, దూడా అన్నారు. ఇప్పుడు దానికోసం ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తున్నారు.

ఇక మా వదిన 'ఆడపిల్ల' మాట. అమెరికాలో కెరోల్ కే అనే ఆవిడ, పిల్లల్ని పెంచుకుంటూ స్టూడియోలలో గిటారు వాయించేది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించే మనిషి రాకపోతే ఆవిడ చేతికిచ్చారు. ఇక వదల్లేదు. వేల రికార్డింగుల్లో వాయించింది. మనవాళ్లలో ముంబయి అమ్మాయి మోహినీ దే ఉంది. తండ్రి దగ్గరే బేస్ నేర్చుకుని, రెహమాన్ బృందంలో దేశాలు తిరిగింది. ఇవన్నీ మా వదినకు ఒక్కసారిగా చెప్పలేదు. రెండు రోజులపాటు కూరగాయలు తరుగుతూ, మెల్లగా చెప్పాను.

అటక మీద పెట్టమని మాత్రం పిల్లతో అనలేదు. "ఇప్పుడు దాచిపెడితే పెళ్లయ్యాక దించడమెట్లా వదినా? అప్పుడు మోసమంటారు. హాల్లోనే ఉండనీ. చూసి నచ్చనివాళ్లు కాఫీ తాగి వెళ్తారు" అన్నాను. కోపం వచ్చింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున పాత చీరల మూటతో వచ్చింది. "దుమ్ము పడతాది గదా, దానికొక గలీబు కుట్టు" అంది. మామూలు బేస్‌కైతే 46 అంగుళాల పైన గుడ్డ కావాలి. దీనికి తల లేదు కాబట్టి 42కు సరిపోయింది. లోపల పాత బొంత ముక్కలు మెత్తగా వేసి, పైన ముతక నూలు చీర, అంచుకు ఆ పిల్ల చిన్నప్పటి పట్టు పావడా జరీ వేశాను. తీగలకు చేతి చెమట తగిలితే తుప్పు పడతాయట, తుడుచుకునే మెత్తటి గుడ్డకు పక్కనే ఒక జేబు కూడా పెట్టాను. పెళ్లిచూపులు వచ్చే ఆదివారం.